పెన్సిలు టిక్కు

మా ఇంట్లో కాగితాలన్నీ మా ఆయనవి. నావి సంతకాలు మాత్రమే. పెళ్ళయిన కొత్తలో రేషన్ కార్డు దరఖాస్తుతో మొదలైంది ఈ పద్ధతి. ఆయన కాగితం తెచ్చి, నేను సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేవారు. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆ టిక్కు మీద నా పేరు గీకి వెళ్ళిపోయేదాన్ని. పైనున్న ఖాళీలు తర్వాత ఆయన తీరిగ్గా కూర్చుని నింపుకునేవారు. ఆయన దస్తూరీ ముత్యాలు పేర్చినట్టుంటుంది, నాది కోడి గెలికినట్టుంటుంది. పైగా ఆయన లా కాలేజీలో లెక్చరరు. న్యాయశాస్త్రం చదివిన మొగుడు ఇంట్లో ఉండగా నేను కూర్చుని కాగితాలు చదవడమేమిటి, నాకు వేరే పన్లేదా? పధ్నాలుగేళ్ళలో ఒక్కటీ చదవలేదు. ఇందులో నా తెలివితక్కువతనం ఎంతుందో నాకు తెలుసు. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ వేలెత్తి చూపించనక్కర్లేదు.

నా పేరు విశాలాక్షి. మాది ఏలూరు. మా ఆయన పార్థసారథి గారిదీ అటువైపే. ఉద్యోగాలిద్దరికీ యూనివర్సిటీలో, కాపరం తార్నాకలో సారలమ్మ గారింట్లో రెండు గదుల వాటా. మాకు పిల్లల్లేరు. పొద్దున్నే ఇద్దరం కలిసి బయల్దేరి క్యాంపస్‌లో బండరాళ్ళ మధ్య దారమ్మట నడిచి, ఆయన లా కాలేజీకి, నేను వృక్షశాస్త్రం డిపార్టుమెంటుకి వెళ్ళేవాళ్ళం.

నా పని సెక్షన్లు కొయ్యడం. మొక్క కాండాన్నో వేరునో కరిగిన మైనంలో పెట్టి దిమ్మ కడతాం. ఆ దిమ్మని మైక్రోటోమ్ అనే మిషనుకి బిగించి, కుడిచేత్తో చక్రం తిప్పాలి. ఒక్కో తిప్పుకి ఒక్కో పొర తెగుతుంది, వెంట్రుక మందంలో ఏడో వంతు. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా బయటికొస్తుంటే ఎడమచేతిలో కుంచెతో అందుకోవాలి. చక్రం ఒకే వేగంతో తిరగాలి. చెయ్యి కాస్త తడబడిందా, ఒక పొర మందం, ఒక పొర పల్చన, మధ్యలో చిరుగు. మా దగ్గర పీహెచ్‌డీలు చేసినవాళ్ళ పుస్తకాల్లో ఉన్న ఫొటోలన్నీ నా కుడిచెయ్యి కోసిన పొరలవే. ఆ సంగతి వాళ్ళు రాయరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

అరవై ఎనిమిదో సంవత్సరం, వానలు మొదలైన రోజులు. స్నానం చేస్తుంటే కుడి రొమ్ము పైభాగంలో గట్టిగా ఏదో తగిలింది. రేగిగింజంత ఉంటుంది. నొప్పి లేదు. నాలుగు రోజులు చూసి ఆయనకి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఆ సాయంత్రమే రిక్షా మాట్లాడి కాచిగూడలో డాక్టర్ సామేలు గారి నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు.

ఆయన అంతలా బెదిరిపోవడానికి కారణం ఉంది. మా అత్తగారు పోయింది ఈ జబ్బుతోనే. ఆయనకప్పుడు పంతొమ్మిదేళ్ళు. సిగ్గుపడి ఆవిడ ఎవరికీ చెప్పలేదట. తెలిసేసరికి పుండు పడింది. ఆ వాసనకి ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకపోతే కట్లు మార్చింది ఆయనే. నేనావిణ్ణి చూడలేదు. కానీ మా పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆయన అగరొత్తి లేని గదిలో నిద్రపోలేదు, అది చూశాను.

సామేలు గారు సూదిమందిచ్చి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. వారం తర్వాత వెళితే, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన్ని పక్కగదిలోకి రమ్మన్నారు. ఈ మాట రోగికి చెప్పకూడదు, మొగుడికి చెప్పాలి, అదీ మర్యాద. నాకు ఒళ్ళు మండింది.

“గడ్డ నాది కదండీ, నాకూ చెప్పండి. నా ఉద్యోగమే సెక్షన్లు కొయ్యడం. స్లైడుంటే చూపించండి కూడా,” అన్నాను.

సామేలు గారు ఒక్క క్షణం నన్ను చూసి నవ్వారు. స్లైడు తెప్పించి మైక్రోస్కోపు నా ముందుకి జరిపారు. మొక్కలో కణాలు గోడకి ఇటుకలు పేర్చినట్టుంటాయి. ఇందులోనూ చాలా మేరకి ఏదో ఒక పేర్పు ఉంది. ఒక మూల మాత్రం చీమల పుట్టని కాలితో తన్నినట్టుంది. నాకు చెప్పనక్కర్లేకపోయింది.

“క్యాన్సరేనమ్మా. కానీ చాలా తొందరగా వచ్చారు,” అన్నారాయన. “రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద ఆపరేషన్. రొమ్ము, దాని కింద కండరాలు, చంకలో గ్రంథులు, అన్నీ తీసేస్తాం. ఈ దేశంలో దాదాపు అందరూ చేసేది అదే. ఆ వైపు చెయ్యి బలం తగ్గుతుంది, చాలామందికి వాపొస్తుంది, ఆ వాపు పోదు. రెండోది చిన్నది. రొమ్ము ఒక్కటే తీసి, కండరాలూ చంకా ముట్టుకోకుండా, తర్వాత నాలుగైదు వారాలు రేడియేషన్, అదే కరెంటు, పెట్టిస్తాం. నేను ఎడింబరోలో ఉన్నప్పుడు అదే చేసేవాళ్ళం. ఇంత చిన్న గడ్డకి రెంటికీ పెద్ద తేడా కనబడలేదని వాళ్ళ లెక్కలు. కాదని కొట్లాడేవాళ్ళూ ఉన్నారు. నేను ఒట్టేసి చెప్పలేను.”

“గడ్డొక్కటీ తీస్తే సరిపోదా?”

“అంత ధైర్యం నాకింకా రాలేదమ్మా.”

“మరి మీరేమంటారు?”

“పదేళ్ళ కిందటైతే పెద్దదే అనేవాణ్ణి. ఇప్పుడు మీరేదంటే అది. చెయ్యి మీది, చేతిలో పని మీది.”

నా పెళ్ళి గురించిగానీ చదువు గురించిగానీ ఎవరూ నాతో ‘మీరేదంటే అది’ అనలేదు. ఒక చెడ్డ కబురుతోపాటు ఆ మాట వినడం నాకు విచిత్రంగా, నిజం చెప్పాలంటే సంతోషంగా కూడా అనిపించింది.

మూడు రోజులు ఆలోచించాను. డిపార్టుమెంటులో మిషను ముందు కూర్చుని ఆముదం కాండం కోస్తూ, చక్రం తిప్పేటప్పుడు ఎక్కడెక్కడ కండరం లాగుతోందో ఎడమచేత్తో తడుముకుని చూసుకున్నాను. రొమ్ము కిందనుంచే లాగుతోంది. మా ల్యాబ్ అటెండరు వెంకటనర్సయ్య పన్నెండేళ్ళుగా నా పక్కనే మైనం కరిగిస్తున్న మనిషి.

“ఏందమ్మా, పొద్దుగాల్నుంచి చెయ్యి పిసుక్కుంటున్నవ్? నొప్పి లేస్తున్నదా?” అన్నాడు.

“లేదు నర్సయ్యా, లెక్క చూసుకుంటున్నా,” అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తూ ఆయనకి చెప్పాను. చిన్నదే చేయించుకుంటాను. రొమ్ము పోతే పోయింది, నలభయ్యో ఏట దాన్నేం చేసుకుంటాను. చెయ్యి పోతే నేనే లేను. ఎడింబరో లెక్కలు అబద్ధమై నాలుగేళ్ళు ముందు పోవాల్సొస్తే పోతాను, ఆ నాలుగేళ్ళూ నావి, వాటితో నేనే బేరం పెట్టుకుంటాను. ఇదంతా దారి పొడుగునా వాగాను. ఆయన ఆగి, రోడ్డు మీద జనం ఉన్నారన్నది కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకున్నారు.

“నీ ఇష్టం విశాలా. నీ ఒళ్ళు నీది,” అన్నారు.

ఆ మాటని నేను నెత్తిన పెట్టుకున్నాను. ఎవరి మొగుడంటాడు ఆ మాట? రెండు రోజులు అదే తల్చుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు వెళ్ళి డాక్టరు గారికి నా నోటితోనే చెప్పాను. ఆయన సరేనని ఆపై బుధవారం ఆపరేషనన్నారు. శుక్రవారం పొద్దున్న మా ఆయన నర్సింగ్ హోము కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను ఉప్మా దించుతున్నాను, ఆలస్యమైపోతోంది.

“ఆపరేషన్ కాగితం. పేరు ఇంగ్లీషులో బారెడుంది, నేను చూసి సరిగ్గా నింపుతాలే,” అన్నారు.

కాగితం అడుగున పెన్సిలు టిక్కు. ఎప్పట్లాగే చెయ్యి తుడుచుకుని సంతకం చేసి వెళ్ళిపోయాను.

బుధవారం నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. సామేలు గారు మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి భుజం తట్టి, “ధైర్యంగా ఉండండమ్మా,” అన్నారు. ఉన్నాను.

మెలకువొచ్చాక నాకు ముందు తెలిసింది తొడ మంట. రొమ్ముకి ఆపరేషనైతే తొడ ఎందుకు మండుతుంది? ఎడమచేత్తో తడిమి చూస్తే తొడకి కట్టుంది. కుడిచెయ్యి దిండు మీద ఎత్తి కట్టేసి ఉంది. చంకలోంచి రబ్బరు గొట్టం ఒకటి సీసాలోకి దిగుతోంది. పక్కన ఆయా ఈరమ్మ తడిగుడ్డతో నా పెదాలు తుడుస్తోంది.

“తొడకేమైంది ఈరమ్మా?”

“ఏం గాలేదమ్మా. గాడికెళ్ళి తోలు దీసి పైన అతికిండ్రు. పెద్ద ఆపరేషన్ల కిందికెళ్ళి మొత్తం దీస్తరు గద, పైతోలు సాలదు. అందరికి గట్లనే చేస్తరు.”

“పెద్ద ఆపరేషనా?”

“మరి? నాలుగు గంటలు వట్టె.”

మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నేను అడగకముందే ఏడ్చారు. తెరిచి చూస్తే చంకలోకి పాకిందట. డాక్టరు గారు బల్ల మీదే నిర్ణయించారట. అడగడానికి నువ్వు స్పృహలో లేవు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అన్నారు. నేనేం చేశానో చెప్పనా? ఆయన్ని ఓదార్చాను. ఎడమచేత్తో ఆయన తల నిమిరి, ఊరుకోండి, నా రాత అలా ఉంది అన్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కడుపు మండిపోతుంది.

మూడు వారాలు అక్కడే ఉన్నాను. సామేలు గారు రోజూ వచ్చి కట్టు చూసి, బాగా మానుతోందమ్మా అని, మా ఆయనతో బయట నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవారు. పాకిందని విన్నాక నాకు ఏ ప్రశ్నా అడగబుద్ధి కాలేదు. ఎంత దూరం పాకిందో చెప్తారని భయం. అన్నీ చూడాలి, అన్నీ తెలియాలి అని ఎగిరిపడ్డ దాన్ని, స్లైడు ఉందా అని కూడా అడగలేకపోయాను. రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే ఆ చీమలే.

ఇంటికొచ్చాక సారలమ్మ గారు జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఇంటావిడే అయినా నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను బిడ్డలా చూస్తుంది. బుచ్చవ్వ అనే ఆవిడ రెండు బిందెలు నీళ్ళు తెచ్చి దించి వెళ్ళింది.

“ఈవిణ్ణి ఎప్పుడు కుదిర్చారండీ?” అన్నాను.

“ఎప్పుడో కుదిర్చిన బిడ్డా. మీ సారు ముందుగాల్నే చెప్పిండు గద. అమ్మకు ఇగ కుడి చెయ్యి పని చెయ్యదు, బరువు లేపొద్దు, మూడు నెల్లు నీళ్ళు మోసేదానికి మంచి మనిషిని సూడుండ్రి అన్నడు.”

“ముందంటే ఎప్పుడు?”

“అగో, బోనాల నాడు. నేను బోనం నెత్తికెత్తుకోబోతున్న, గప్పుడే వచ్చిండు సారు. గింత మంచి దినం నాడు గిదేం మాట సారూ అంటి. కండ్లల్ల నీళ్ళు దీసుకున్నడు పాపం.”

బోనాలు ఆదివారం. నా ఆపరేషను ఆ తర్వాతి బుధవారం. బల్ల మీద తెరిచి చూశాక డాక్టరు నిర్ణయించిన సంగతి, మూడు రోజుల ముందే ఈయనకెలా తెలిసింది? రొట్టె నోట్లోనే ఉండిపోయింది. సారలమ్మ గారు నా మొహం చూసి, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా అని కంగారు పడింది. లేదండీ, మీరే ఒక్కరు నిజం చెప్పారు అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

మర్నాడు ఆయన క్లాసుకి వెళ్ళగానే నేనొక్కదాన్నే రిక్షా ఎక్కి కాచిగూడ వెళ్ళాను. గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి ప్రాణం తీసింది. సామేలు గారు నన్ను ఒంటరిగా చూసి లేచి నిలబడ్డారు.

“చంకలోకి ఎంత పాకిందండీ?” అన్నాను.

“పాకడమేమిటమ్మా? పదిహేడు గ్రంథులు తీశాం. ఒక్కదాంట్లో కూడా లేదు. మీవారికి చెప్పానే! చాలా మంచి రిపోర్టది.”

“మరి పెద్ద ఆపరేషన్ ఎందుకు చేశారు?”

ఆయన మొహం మారిపోయింది. మీరే కదా కోరుకున్నారు అన్నారు. ఫైలు తీసి కాగితం నా ముందు పెట్టారు. ఆపరేషన్ పేరు అన్నచోట చుక్కల గీత మీద మా ఆయన దస్తూరీ, ముత్యాలు పేర్చినట్టు, పెద్ద ఆపరేషన్ పేరు. కింద కోడి గెలికిన నా సంతకం. సంతకం మొదటి అక్షరం పక్కన ఇంకా చెరగని పెన్సిలు టిక్కు.

“ఆవిడ మనసు మార్చుకుంది, భయపడుతోంది, ఆ ప్రస్తావన మళ్ళీ తేవద్దు, ఏడుస్తుంది అన్నారు మీవారు. సంతకం కూడా ఉంది కదా అని...”

“చెయ్యి మీది అన్నారు కదండీ మీరు. నన్నొక్క మాట అడగలేదేం?”

సామేలు గారు ఆ కాగితం తనవైపు తిప్పుకుని చూశారు. “అడగాల్సింది,” అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదని కాదు. కానీ కోపం పంచి పెట్టడానికి మిగిలితే కదా, అంతా ఒకరికే సరిపోయింది.

రిక్షా అతన్ని తిన్నగా లా కాలేజీకి పొమ్మన్నాను. ఆయన క్లాసులో ఉన్నారు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. ఒప్పందాల చట్టం చెబుతున్నారు. ప్రతి ఏడూ సెలవులయ్యాక మా ఇంటి వరండాలో పచార్లు చేస్తూ వల్లించుకునే పాఠమే, నాకూ కంఠతా వచ్చు. మోసంతో తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు. దాచాల్సింది దాచి తీసుకున్నది సమ్మతి కాదు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. తలెత్తి నన్ను చూశారాయన. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పాఠం మధ్యలో వదిలేసి బయటికొచ్చారు.

“కాచిగూడ నుంచి వస్తున్నాను,” అన్నాను.

ఆయనకి తెలిసిపోయింది. మెట్ల పక్కకి వెళ్ళి రాతిగోడకి ఆనుకున్నారు.

“శుక్రవారం పొద్దున్న చిన్నదే రాద్దామని కలం తీశాను విశాలా. నీ మీద ఒట్టు. రాయబోతుంటే అమ్మ వాసనొచ్చింది. ఇరవై రెండేళ్ళయింది, ముక్కు దగ్గరే ఉంది. ఏదీ మిగల్చకూడదు, మొత్తం తీసెయ్యాలి అనిపించింది. నువ్వు బతకాలి. నాకింకేం కనపడలేదు.”

“నాకు చెప్పాల్సింది. పోట్లాడాల్సింది. కాళ్ళు పట్టుకోవాల్సింది.”

“నువ్వు ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకునేదాన్ని కాదు.”

“అందుకే.”

“తర్వాతైనా నిజం చెప్పొచ్చుగా. పాకిందని మూడు వారాలు నమ్మి బతికాను. గ్రంథులు శుభ్రంగా ఉన్నాయన్న కబురు కూడా దాచారు. రోజూ చావు లెక్కపెట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశారు.”

“ఇప్పుడు తెలిసింది కదా, ఏమీ లేదని. సంతోషించు.”

“ఉన్నా నా మాట అదే. చంక నిండా ఉన్నా నా మాట అదే. అర్థమవుతోందా మీకు?”

ఆయన తల దించుకుని, మెల్లిగా, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నారు: “సంతకం నీదే కదా విశాలా.”

చెయ్యి పోయినందుకు కూడా నేనంత ఏడవలేదు. ఆయన భయాన్ని నేను అర్థం చేసుకోగలను. అగరొత్తులు వెలిగించింది నేనే కదా. కానీ ఆ మాట భయంలోంచి రాలేదు. పధ్నాలుగేళ్ళ టిక్కుల్లోంచి వచ్చింది. నేను చదవననే నమ్మకం మీద ఆయన అదంతా చేశారు. నా నమ్మకాన్నే నాకు సాక్ష్యంగా చూపించారు. కిటికీలోంచి పిల్లలు తొంగి చూస్తుంటే పమిట నోట్లో కుక్కుకుని అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

విడిపోయానా అని అడిగారు ఏలూరులో మా అక్కయ్యలు ఒకరిద్దరు. లేదు. ఒకే ఇంట్లో ఉన్నాం. ఆయన వంట నేర్చుకున్నారు, నా జడ వేసేవారు, చెయ్యి దిండు మీద ఎత్తిపెట్టి కింద నుంచి పైకి నిమిరేవారు. నేను ఊరుకున్నాను. నేను క్షమించానని ఆయన అనుకున్నట్టున్నారు. నేను క్షమించలేదు.

నవంబరులో ఉద్యోగానికి వెళ్ళాను. కుడిచెయ్యి మోచేతి దాకా ఉబ్బి జాకెట్టు చెయ్యి పట్టక కుట్టు విప్పి గుడ్డ వేసి కుట్టుకున్నాను. మిషను ముందు కూర్చుని చక్రం పట్టుకున్నాను. ఇరవై తిప్పులు తిప్పాను. ఇరవయ్యొకటోదానికి చెయ్యి జారి పడింది. రిబ్బను ముక్కలు ముక్కలు. వెంకటనర్సయ్య చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి మిషను బల్ల మీద అటునుంచి ఇటు తిప్పేసి ఉంది, చక్రం ఎడమచేతి వైపుకి వచ్చేలా.

“నువ్వు ఎడమచేత్తోని తిప్పు అమ్మా. కుంచె నేను వడత. పన్నెండేండ్ల సంది సూస్తనే ఉన్న గద,” అన్నాడు.

ఎడమచెయ్యి వెర్రిది, దానికి వేగం తెలీదు. వారం రోజులు అన్నీ చిరుగులే. పదో రోజున ఆరు పొరలు వరసగా, ఒకే మందంలో వచ్చాయి. ఆరే ఆరు. వెంకటనర్సయ్య వాటిని కుంచెతో ఎత్తి అద్దం మీద పెట్టి, “వచ్చిందమ్మా!” అని గట్టిగా అరిచాడు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే చాన్నాళ్ళ తర్వాత ఆకలేసింది.

ఇంట్లో ఆయన నాకంటే ముందే వచ్చి కాఫీ పెట్టి ఉన్నారు. బల్ల మీద ఒక కాగితం. మా హెడ్డు గారు ఆయనకి దారిలో కలిశారట. నేను అంత కష్టపడటం చూడలేకపోతున్నారట. ఎండుమొక్కలకి చీటీలు అంటించే పని ఖాళీగా ఉంది, కూర్చుని చేసుకోవచ్చు, జీతం తగ్గదు, మార్పుకి ఒప్పుకుంటూ ఒక కాగితం ఇస్తే చాలన్నారట.

“నీ చేతికి కాస్త విశ్రాంతి ఉంటుంది విశాలా. ఆలోచించు. సంతకం పెట్టి ఉంచితే మిగతాది నేను చూసుకుంటాను,” అన్నారు ఆయన, చక్కెర కలుపుతూ.

కాగితం తీసి చూశాను. పైన గీతలన్నీ ఖాళీ. అడుగున పెన్సిలు టిక్కు.

నేను ఆయన మొహం చూశాను. అందులో కుట్ర ఏమీ లేదు. అదే నన్ను చంపింది. తానేం చేశారో ఆయనకి తెలియను కూడా తెలియలేదు. చెయ్యి దానంతటదే పెట్టేసింది ఆ టిక్కు. నా కళ్ళు ఎక్కడున్నాయో చూసి, తర్వాత కాగితం చూసి, అప్పుడు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. రబ్బరు కోసం తడుముకున్నారు.

“ఉండనివ్వండి,” అన్నాను. “కలం ఇవ్వండి.”

ఎడమచేత్తో కలం పట్టుకుని కూర్చున్నాను. నా కుడిచేతి రాత కోడి గెలికినట్టుంటే ఎడమచేతిది చెప్పనే అక్కర్లేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. పేరు, డిపార్టుమెంటు, చేస్తున్న పని. మార్పుకి సమ్మతి ఉన్నదా లేదా అన్నచోట, లేదు అని రాసి, ఎందుకంటే అన్న గీత మీద, ఎడమచేత్తో ఆరు పొరలు కోశాను, ఇంకా కోస్తాను అని రాశాను. కాఫీ చల్లారిపోయింది. ఆయన కదలకుండా ఎదురుగా కూర్చునే ఉన్నారు. అంతా రాశాక, టిక్కుని వదిలేసి, దాని పక్కన నా సంతకం చేశాను.

అప్పుడు టిక్కు దగ్గర వేలు పెట్టి కాగితం ఆయన ముందుకి తోశాను.

“ఇక్కడ మీరు పెట్టండి. సాక్షిగా.”

ఆయన చటుక్కున కలం అందుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళతో, నేనేం రాశానో చూడకుండానే, ఆ టిక్కు మీద కలం ఆనించారు. నేను కాగితం మీద నా ఎడమచెయ్యి అడ్డం పెట్టాను.

“చదివి,” అన్నాను.